వెయ్యినూటపదహార్ల తెర

పోయిన నెల పామర్రు సెంటర్లో గుడివాడ బస్సు కోసం నిలబడి ఉన్నాను. పక్కనే చిన్న కంప్యూటర్ రిపేరు షాపు. లోపల ఎవరో మూలన పడేసిన పాతకాలపు లావుపాటి మానిటరొకటి బల్ల మీదికెత్తి, ప్లగ్గు పెట్టి మీట నొక్కారు. ‘ఠంగ్’ మంది. ఆ వెనకే అద్దం మీద సన్నగా చిటపటలు, వేడెక్కిన దుమ్ము వాసన. ఇప్పటి పిల్లలకి ఆ చప్పుడూ తెలియదు, ఆ వాసనా తెలియదు. వాళ్ళ తెరలన్నీ అప్పడాల్లా పల్చనివి. నాకు మాత్రం చేతి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. కండక్టరు “గుడివాడ, గుడివాడ” అని అరిచి, కదలని నన్నొకసారి ఎగాదిగా చూసి, “రైట్ రైట్” అనేశాడు. పోతే పోయింది, ఇంకోటొస్తుంది. ఆ వాసనతో నాకు బందరులో ఒక మేడమీద గదీ, ఆ గదిలో మా రత్నకుమారి మేడం గారూ గుర్తొచ్చారు. ఆవిడ్ని మీరెవరూ చూసి ఉండరు. చూసి ఉంటే మర్చిపోయేవాళ్ళు కారు.

మేడం గారిది దివిసీమ. రాత్రి పడుకుంటే సముద్రం హోరు వినిపించే ఊరు. వాళ్ళ నాన్నగారు చర్చి బళ్ళో మాస్టారు. ఈవిడ ఎలక్ట్రానిక్స్ చదివి, కొన్నాళ్ళు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి, బోర్డు మీద సర్క్యూట్లు గీసి గీసి విసుగొచ్చి, బందరులో ఎరువుల కొట్టు పైన గది అద్దెకు తీసుకుని కంప్యూటర్ సెంటరు పెట్టారు. తొంభైల చివర్లో వీధికో సెంటరు ఉండేది. మిగతా చోట్ల నాలుగు ఉత్తరాలు టైపు చేయించి సర్టిఫికెట్టు చేతిలో పెట్టేవారు. మేడం మాత్రం చేరిన వారంలోనే స్క్రూడ్రైవరు చేతికిచ్చి డబ్బా విప్పమనేవారు. నేను గుడివాడ దగ్గర పల్లెటూరినించి డిగ్రీ పూర్తిచేసి వచ్చాను. మా నాన్న “కంప్యూటర్లు నేర్చుకుని ఏం చేస్తావే? మన చెరువులో చేపలకి దాంతో మేతేస్తావా?” అని వెక్కిరించేవాడు. కోర్సు అయ్యాక నేను ఇంటికి పోలేదు. అక్కడే మేడం దగ్గర పనికి కుదిరాను.

ఆవిడకొక చాదస్తం ఉండేది. గది తలుపు లోపల గడియ పెట్టుకుని పనిచేసుకునేవారు. తలుపు తడితే “ఎవరూ?” అనేవారు. మనవాళ్ళు ఎవరైనా ఏమంటారు? “నేనే” అంటారు. ఆ మాటకి ఆ తలుపు తెరుచుకునేది కాదు. ఒకసారి జోరువాన. గొడుగు తిరగబడిపోయి, చీర మోకాళ్ళదాకా తడిసి, మెట్ల మీద నిలబడి తలుపు బాదాను.

“ఎవరూ?”

“నేనే మేడం!”

“నేనే అంటే? లోకంలో ప్రతివాళ్ళూ నేనేనే. పేరు లేదా?”

“సునీతనండీ!”

“ఏం పని మీద?”

“పనేంటి మేడం, నేనిక్కడే కదా పనిచేసేది! ముందు తలుపు తియ్యండి, నిలువునా తడిసి చస్తున్నాను.”

లోపల్నించి పెద్దగా నవ్వు, ఆ తర్వాత గడియ తీసిన చప్పుడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తువ్వాలు ఇచ్చి, వేడివేడి టీ పోసి, “కోపమొస్తే ముక్కు భలే ఎర్రబడుతుందే నీకు” అన్నారు. ఆవిడ మీద కోపం అరగంట నిలిచేది కాదు.

రెండువేల సంవత్సరం దాటాక మేడం ఒక పని తలకెత్తుకున్నారు. గిలకలదిండి హార్బరులో చేపల వేలం షెడ్డు ఉంది. వాయుగుండం పట్టినప్పుడు రేడియోలో చెప్పింది టీ కొట్టు దగ్గర ఒకరు సగం వినేవారు, మిగతా సగం ఇంకొకరు కల్పించేవారు. “మూడో నంబరు ఎగరేశారంట” అని ఒకరంటే, “కాదెహె, ఒకటో నంబరే” అని మరొకరు. ఆ మాటల మీద బోట్లు వేటకి వెళ్ళేవి. మేడం ఆలోచన ఏంటంటే, షెడ్డులో అందరికీ కనబడేలా పెద్ద తెర పెట్టాలి. గాలి ఎంత, అల ఎంత, రేవులో ఎగరేసిన హెచ్చరిక ఎన్నో నంబరు, అన్నీ తెలుగులో లావుపాటి అక్షరాలతో రావాలి. వెళ్ళొచ్చంటే పచ్చరంగు, వద్దంటే ఎరుపు. వాతావరణం కబురు ఫోనులో రాగానే బోటు యజమానుల సంఘం గుమాస్తా గదిలో కూర్చుని కొడతాడు. పాత కంప్యూటరు, బ్యాటరీ, మిషన్ని నడపడానికి ఉచితంగా దొరికే లినక్సు, తెర మీద బొమ్మ గీయడానికి చవకలో దొరికిన గ్రాఫిక్స్ కార్డు. అక్షరాలు వేసే ప్రోగ్రాం నాది. ఆ కార్డు చేత పనిచేయించే ప్రోగ్రాం, డ్రైవరంటారు, అది మాత్రం ఎక్కడో చలిదేశంలో ఒకాయన రాసి నలుగురికీ పంచిపెట్టింది.

సంఘం పెద్ద సింహాద్రి గారు. పెద్దమీసాల మనిషి, మాటంటే మాటే. ఆయన ఒక కట్టుబాటు పెట్టారు. తెర మీద ఎరుపుంటే ఒక్క బోటూ కదలకూడదు. తెర చచ్చి ఊరుకుంటే మాత్రం ఎవడిష్టం వాడిది. మేడం సరేనన్నారు.

ప్రారంభం రోజున సంఘంవాళ్ళు కొబ్బరికాయ కొట్టారు, మేడం కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేశారు. ఆ వేళకే కొత్తగా ఇంకో పెద్ద మానిటరు తెచ్చారు. దానికి తగ్గట్టు తెర వెడల్పు అంకె మార్చాలి. మొదటి అంకె పెద్దాయన చేత్తో కొట్టిస్తే బాగుంటుందని ఎవరో అన్నారు. నేను తెర మీద కొలతలు నింపే ఫారం తెరిచి, “ఇక్కడ వెయ్యి ఇరవై నాలుగు కొట్టండి బాబాయ్ గారూ” అన్నాను.

ఆయన మొహం అదోలా పెట్టారు. “శుభమా అని మొదలెడుతూ ఇదేం అంకెమ్మా? వెయ్యి దాటితే వెయ్యినూటపదహారేగా!”

“అది తెర కొలతండీ, పెళ్ళి చదివింపులు కాదు...”

నా మాట పూర్తికాలేదు. ఆయన ఒక్కో అంకే వేలితో వెతుక్కుని ఒకటి, ఒకటి, ఒకటి, ఆరు కొట్టి, ఎంటర్ మీద గట్టిగా ఒక్కటిచ్చారు. అక్షరాలన్నీ ఏటవాలుగా జారిపోయాయి. రంగురంగుల చారలొచ్చాయి. తెర నల్లబడింది. కీబోర్డు మీద ఏది నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. కరెంటు పీకి మళ్ళీ పెట్టేదాకా మిషను మొత్తం శవంలా పడి ఉంది. వెనకనించి ఎవడో “మూడో నంబరు పడిందిరోయ్!” అని అరిచాడు. షెడ్డంతా గొల్లున నవ్వింది. సింహాద్రి గారికి నామర్దా అయింది.

“ఏంటి మేడం గారూ, నేనొక్క అంకె కొడితేనే చచ్చిందే! దీన్ని నమ్ముకుని బోట్లు ఆపుకోమంటారా? ఇప్పుడెటూ వేసవి, సర్కారోళ్ళు వేట ఆపించే విరామం. విరామం అయ్యేలోపు చూస్తాం. అప్పుడు కూడా ఇట్టాగే చచ్చిందంటే దీన్ని తీసేసి టీవీ పెట్టుకుంటాం. కుర్రాళ్ళు క్రికెట్టన్నా చూసుకుంటారు.”

నేనైతే నోటికొచ్చింది అనేసేదాన్ని. మేడం ఆయనకి రెండు చేతులూ జోడించారు. “చాలా మంచిపని చేశారండీ. ఇవాళ మీరు కొట్టబట్టి తెలిసింది. అదే గాలివాన రోజున ఎవరైనా కొట్టుంటే?” అన్నారు. అది వెటకారం కాదు. ఆయనకీ అది వెటకారంలా అనిపించలేదు, అందుకే మీసం సర్దుకుని ఊరుకున్నారు.

ఆటోలో వస్తూ నేను ఉడికిపోతున్నాను. “తెరకి ఎవడైనా వెయ్యినూటపదహార్లు కొడతాడా మేడం?”

“కొట్టాడుగా.”

“తెలివున్నవాడెవడూ కొట్టడు.”

“మన కళ్ళముందే కొట్టాడు కదమ్మా. ఇంకా ‘కొడతాడా’ అంటావేంటి? కొట్టాక మిషనేం చేసిందీ, అది ఆలోచించు.”

మామూలు ప్రోగ్రాం తప్పు చేస్తే అదొక్కటే చస్తుంది, పక్క ప్రోగ్రాములకి నొప్పి తెలియదు. గ్రాఫిక్స్ డ్రైవరు అలా కాదు. అది కెర్నెల్‌లో, అంటే మిషను మొత్తాన్ని మోసే చోట ఉంటుంది. మేడం మాటల్లో చెప్పాలంటే, ఇంట్లో గ్లాసు పగిలితే గ్లాసే పోతుంది, పాకకి నిట్టాడు విరిగితే పాకే కూలుతుంది. మర్నాటినించి ఇద్దరం ఆ డ్రైవరు రాతని తెరమీద పెట్టుకుని వరసవరసా చదివాం. ఆ కార్డు చుక్కల్ని ఎనిమిదేసి కట్టలుగా గీస్తుంది. వెడల్పుని ఎనిమిదితో భాగిస్తే ఏమీ మిగలకూడదు. వెయ్యినూటపదహారులో నాలుగు మిగులుతుంది. ఆ నాలుగుని డ్రైవరు ఒకచోట వదిలేసింది, ఇంకోచోట ఎనిమిది చేసుకుంది. ఆ తేడా వరస వరసకీ పెరిగి, అడుగుకొచ్చేసరికి గట్టు దాటి పక్కవాడి చేలో నాట్లేసినట్టు, తనది కాని మెమరీలో రంగులు పూయడం మొదలెట్టింది. తనకి ఇచ్చిన అంకె సబబైనదా కాదా అని అది ఒక్కసారి కూడా అడగలేదు.

తప్పు దొరికిందని ఎగిరి గంతేశాను. ఫారంలో ఒక షరతు రాసి పారేస్తే సరి, ఎనిమిదితో భాగం పోని అంకె తీసుకోదు. అదే మేడంకి చెప్పాను.

“డ్రైవరుని అడిగేది నీ ఫారం ఒక్కటేనా?” అన్నారు.

“ప్రస్తుతానికి అంతేనండి.”

“రేపెవడో బొమ్మలు చూసే ప్రోగ్రాం పెడతాడు, ఇంకోడు ఆట పెడతాడు. వాళ్ళంతా నీ ఫారంలోంచే వస్తారా? వీధి గుమ్మానికి తాళం బిగించి, పెరటి తలుపు బార్లా తెరిచిపెడతానంటావ్. వచ్చింది ఎవరైనా కానీ, ఎంత వెడల్పు, ఎంత ఎత్తు, ఎన్ని రంగులు అని డ్రైవరే అడగాలి, అదే కొలుచుకోవాలి. కుదరకపోతే మర్యాదగా కుదరదని చెప్పి పంపెయ్యాలి. అంతేగానీ వాడు అడిగాడని ఇది చచ్చిపోవడమేంటి?”

“డ్రైవరు మనం రాసింది కాదు కదండీ. అంత పెద్దాయన రాసినదాంట్లో మనం వేలెట్టడం...”

“ఆయనా అన్నం తినేవాడేగా,” అన్నారు మేడం. అంతటితో ఆ వాదన అయిపోయింది.

ఒక మధ్యాహ్నం ఇద్దరం క్యారేజీలు విప్పుకుని తింటుంటే ఉండబట్టలేక అడిగాను. ఈ తెర కోసం ఇంత తాపత్రయం దేనికి మేడం, టీవీ పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి అని. ఆవిడ కలిపిన ముద్ద చేతిలోనే పట్టుకున్నారు. “ఉప్పెన వచ్చిన రోజు కబురు బయల్దేరిందటే సునీతా. ఎక్కడో ఆగిపోయింది. మా ఊరిదాకా రాలేదు. అమ్మా, చెల్లీ ఇల్లు కదలకుండా ఉండిపోయారు. నేను హాస్టల్లో ఉండబట్టి బతికాను” అన్నారు. తర్వాత ఆ ముద్ద తిన్నారు, చేయి కడుక్కున్నారు, మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఇంకెప్పుడూ దేనికని అడగలేదు.

ఆ వేసవంతా మాకు మిషన్ని చంపడమే పని. “ఇవాళ నువ్వు సునీతవి కాదు, చేతులూరుకోని మనిషివి. ఏది కొట్టకూడదో అదే కొట్టు” అనేవారు మేడం. సున్నా కొట్టాను. డ్రైవరు దాంతో దేన్నో భాగించబోయి ఊపిరి వదిలింది. వెడల్పూ ఎత్తూ రెండూ కొండంత అంకెలు కొట్టాను. అక్కడ నాకు పెద్ద సందేహం వచ్చింది. రెంటినీ గుణించి, వచ్చింది కార్డులో ఉన్న మెమరీకి మించకూడదని షరతు రాశాను కదా, అయినా ఎలా చచ్చింది? మేడం కిందికి తీసుకెళ్ళి తన పాత స్కూటరు మీటరు చూపించారు. “తొమ్మిదులన్నీ నిండాక ఏమవుతుంది? మళ్ళీ సున్నాలొస్తాయి. చూసినవాడు కొత్త బండి అనుకుంటాడు. నీ గుణకారమూ అంతే, మరీ పెద్దదైతే చుట్టు తిరిగొచ్చి చిన్న అంకెలా కనబడుతుంది. గుణించి చూడకు, భాగించి చూడు. ఉన్న మెమరీని ఎత్తుతో భాగిస్తే ఎంత వెడల్పుకి చోటుందో అదే చెబుతుంది.” ఆవిడైతే రెండు అరచేతులతో కీబోర్డు మీద తబలా వాయించేవారు. మిషను చచ్చినప్పుడల్లా చప్పట్లు కొట్టి, “ఇంకోటి దొరికిందే, టీ చెప్పు!” అనేవారు. మొదట్లో రోజంతా టీలే. పోనుపోను టీలు తగ్గాయి. చివరికి టీ కోసం మొహం వాచిపోయాం.

వేట విరామం ముగిసే ముందు మేడం హార్బరుకి వెళ్ళి షెడ్డు మధ్యలో నిలబడ్డారు. వలలు అల్లుకుంటున్నవాళ్ళూ, ఐసు కొడుతున్నవాళ్ళూ, చేపల బుట్టల ఆడవాళ్ళూ అందరూ తలెత్తి చూశారు. “రండమ్మా, రండి. మీకు తోచింది కొట్టండి. దీన్ని పడగొట్టండి చూద్దాం!” అన్నారు. మొదట సిగ్గుపడ్డారు. తర్వాత చూడాలి, జాతరే! ఒకాయన తన బోటు నంబరు కొట్టాడు. ఒకావిడ తన వయసు కొట్టింది. ఇంకొకడు మోచెయ్యి ఆనించి కీబోర్డంతా రుద్దేశాడు. ప్రతిసారీ తెర మీద పాత అక్షరాలు ఎక్కడివక్కడే ఉండి, అడుగున ఒక్క వరస వచ్చేది: ‘ఈ కొలత కుదరదండీ’. ఆ ‘అండీ’ మేడం పట్టుబట్టి పెట్టించారు. చివరికి సింహాద్రి గారు లేచారు. అందరూ పక్కకి తప్పుకుని దారిచ్చారు. ఆయన వేలితో వెతుక్కుంటూ వెయ్యినూటపదహార్లే కొట్టారు. ‘ఈ కొలత కుదరదండీ’. ఆయన కాసేపు తెరని చూసి, “మర్యాద తెలిసిన మిషను. ఉండనీండి” అన్నారు. షెడ్డంతా ఈలలు. ఆ పూట నా కాళ్ళు నేల మీద లేవు.

మేం చేసిన సవరణ డ్రైవరు రాసినాయనకి ఈమెయిల్లో పంపాం. ఫోను లైను తెగుతూ అతుకుతూ ఎలాగో వెళ్ళింది. ఆయన తీసుకున్నానని, కృతజ్ఞతలని రాసి, ఒక్క సందేహం అడిగాడు. పరీక్షించడానికి ఆ విచిత్రమైన అంకె ఎందుకు ఎంచుకున్నారు అని. మేడం కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, “మా ప్రాంతంలో పెద్దలు ఆశీర్వదించే అంకె అని రాయవే” అన్నారు. అలాగే రాశాను.

అసలు పరీక్ష ఆ ఏడాది వానాకాలం చివర్లో వచ్చింది. వాయుగుండం కబురు రాగానే గుమాస్తా కొట్టాడు, తెర ఎర్రబడింది. పొద్దున చూస్తే సముద్రం కంచంలో నీళ్ళలా కదలకుండా ఉందట. రొయ్య బాగా పడుతున్న రోజులు. ఒడ్డున బోట్లవాళ్ళు సణుగుడు. సాయంత్రానికల్లా గాలి లేచింది. తాళ్ళు కట్టిన బోట్లు రేవులో ఒకదానికొకటి కొట్టుకున్నాయి, షెడ్డు రేకులు కొన్ని ఎగిరిపోయాయి. సముద్రం మీద మాత్రం గిలకలదిండి మనిషి ఒక్కడు లేడు.

గాలి తగ్గాక మేం వెళ్ళాం. తెర ఇంకా వెలుగుతూనే ఉంది. సింహాద్రి గారు అందరికీ గొప్పగా చెబుతున్నారు, “ఆ రోజు నా దెబ్బ తిన్నాకే ఇది గట్టిపడింది” అని. మేడం అవునవునని తలూపుతున్నారు. అప్పుడు ఆయన కొడుకు చిట్టిబాబు వచ్చాడు. వాళ్ళ బోటు నడిపేది అతనే. మా సెంటర్లో కొన్నాళ్ళు చదివి, వేట బాగుందని మధ్యలో మానేసినవాడు. మా ముందు తలొంచుకుని నిలబడ్డాడు.

“మేడం గారూ, ఆ పొద్దున గుమాస్తా టీకి వెళ్తే లోపలికెళ్ళి తెరని చంపాలని చూశానండి. అది చస్తే కట్టుబాటు లేదుగా, వెళ్ళిపోదామని. బోటు స్టార్టు చేసి పెట్టే వచ్చాను.”

సింహాద్రి గారు చెయ్యెత్తారు. మేడం అడ్డం వెళ్ళారు. “ఉండండి. ఏమేం కొట్టావు నాయనా?”

“వైరు పీకితే ఎవరో చేశారని తెలిసిపోతుంది, దానంతటదే చచ్చినట్టుండాలని అంకెలు కొట్టానండి. సున్నా కొట్టాను. తొమ్మిదులు కొట్టాను. నాన్న అంకె కూడా కొట్టాను. ఫారం వినట్లేదని దాంట్లోంచి బయటికొచ్చి, మీరు నేర్పిన బొమ్మల ప్రోగ్రాం పెట్టి దాన్నించి అడిగాను. దానికీ కుదరదనే అందండి. ఎరుపు అలాగే ఉంది. పడుంటే వెళ్ళిపోయేవాళ్ళం మేడం. బోటులో తమ్ముడు కూడా ఉన్నాడు.”

మేడం నా వైపు చూశారు. పెరటి తలుపు గురించి ఆవిడ ఒక్క మాటా అనలేదు. సింహాద్రి గారు ఎత్తిన చెయ్యి కొడుకు భుజం మీద పడింది, అక్కడే ఉండిపోయింది.

“మైనస్ ఒకటి కొట్టావా?” అన్నారు మేడం ఉన్నట్టుండి.

“లేదండి.”

“అయ్యో, మా దగ్గర చదివి అదెలా మర్చిపోయావురా! రా, కూర్చో, కొట్టు.”

చిట్టిబాబు ముక్కు తుడుచుకుని, కూర్చుని కొట్టాడు. కుదరదండీ అంది. మేడం చప్పట్లు కొట్టారు. షెడ్డులో ఉన్నవాళ్ళంతా, ఎందుకో తెలియకుండానే, చప్పట్లు కొట్టారు.

మేడం పోయి చాలా ఏళ్ళైంది. దివిసీమలోనే వాళ్ళ నాన్నగారి సమాధి పక్కన ఉన్నారు. నేనిప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్లు రాసేవాళ్ళ గుంపులో పెద్దదాన్ని. కొత్తగా చేరినవాళ్ళు నేను పెట్టమన్న షరతులు చూసి, ఇలాంటి అంకెలు ఎవరిస్తారండీ అంటారు. కాస్త తెలిసినవాళ్ళు, ఇది కావాలని మిషన్ని పడగొట్టే శత్రువుల కోసం అంటారు. నాకు ఆ మాట నోటికి రాదు. నాకు కనబడేది ఒక్కడే. నిశ్చలంగా ఉన్న సముద్రాన్ని చూసి ఒళ్ళు మండి, తమ్ముణ్ణి బోటెక్కించి వచ్చి, తెర చావాలని టకటకా కొడుతున్న మనిషి. నేను రాసింది అతనికి కుదరదని చెప్పాలి. అది చావకూడదు, అతన్ని చావనివ్వకూడదు.